పేరు తాండూరుది, పప్పు ఎక్కడిదో

నిన్న మహబూబ్‌నగర్‌లో తాండూరు కందిపప్పు అని రాసున్న కిలో ప్యాకెట్ తెచ్చాను. ఆరు విజిల్స్ వచ్చినా పప్పుగుత్తికి మెదగలేదు, పలుకు పలుకుగానే ఉంది. మా చిన్నాన్న తాండూరు దగ్గర పండించే పప్పు మూడు విజిల్స్‌కే వెన్నలా అవుతుంది.

తాండూరు కందికి 2022 డిసెంబరులో జీఐ (ఆ ప్రాంతపు పంటకే ఆ పేరు చెందేలా ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. వేరేచోటి పప్పును ఆ పేరుతో అమ్మితే చట్టప్రకారం నేరం. మరి తనిఖీ చేసేదెవరు?

చిన్నాన్న కందులు కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్తే మాత్రం గుప్పెడు గింజలు మిషన్‌లో పోసి, తేమ 12 శాతం దాటిందని బస్తాలన్నీ వెనక్కి పంపారు. మూడు రోజులు ఎండబోసి, రాత్రిళ్లు కుప్ప పక్కనే పడుకున్నాడు. రైతు గింజకు అన్ని పరీక్షలు పెడతారు కదా, షాపులో ఆ ప్యాకెట్ ఒక్కటి విప్పి చూడరా?