సవరణ: అజంతా, ఎల్లోరా వరుస తిరగేయండి

అజంతా, ఎల్లోరా గుహల యాత్ర గురించి మొన్నటి పోస్టులో సోమవారం అజంతా, మంగళవారం ఎల్లోరా అని రాసి ఉంది. ఆ లెక్కన వెళ్తే రెండు చోట్లా తాళాలే స్వాగతం చెబుతాయి. అజంతాకు సోమవారం సెలవు, ఎల్లోరాకు మంగళవారం. కాబట్టి సోమవారం ఎల్లోరా, మంగళవారం అజంతా పెట్టుకోండి. బస ఔరంగాబాద్‌లోనే, ఇప్పుడు అధికారికంగా ఛత్రపతి శంభాజీనగర్.

ఎల్లోరా 30 కిలోమీటర్లే కదా అని పొద్దున్నే పరుగెత్తనక్కర్లేదు. గుహలు పడమటి ముఖంగా ఉంటాయి, మధ్యాహ్నం దాటాకే ఎండ లోపలికి పడుతుంది. ఈలోగా, ఎండ ముదరకముందే, దారిలోని దౌలతాబాద్ కోట ఎక్కేయండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద నుంచే చూసి సరిపెట్టుకోవడం మేలు.

అజంతా సంగతి వేరు. నగరం నుంచి సుమారు 100 కిలోమీటర్లు. పైగా కారు గుహల దాకా పోదు. ఫర్దాపూర్ దగ్గరి టీ-పాయింట్ అనే కూడలిలో ఆపి, అక్కడి నుంచి 4 కిలోమీటర్లు బస్సులో వెళ్ళాలి. పోస్టులో ఈ ముక్క లేదు, అందుకే అందులో అజంతాకు పెట్టిన సమయం తక్కువ పడింది. అజంతాకు పూర్తి రోజు ఇవ్వండి.

మొదటి గుహలోకి వెళ్ళగానే ఏమీ కనబడదు, కంగారుపడొద్దు. ఫ్లాష్ నిషేధం. కాసేపు నిలబడితే కళ్ళు అలవాటుపడతాయి. గర్భగుడికి ఎడమవైపు గోడ మీద, చేతిలో తామరపువ్వుతో, కళ్ళు దించుకుని బోధిసత్వుడు పద్మపాణి బొమ్మ కనిపిస్తుంది. గైడ్ తొందరపెట్టినా కదలకండి.

ఔరంగజేబు భార్య సమాధి బీబీ కా మక్బరా నగరంలోనే ఉంది. ఎల్లోరా నుంచి తిరిగొచ్చాక ఓపిక ఉంటే చూడొచ్చు, లేకపోతే మానేయండి.