గంటలు లెక్కపెట్టేదీ వాళ్లే, అమ్మేదీ వాళ్లే

అమెరికాలో ఆసుపత్రి రికార్డులు, మెడికల్ కోడింగ్ (రోగం, చికిత్స వివరాలను బీమా బిల్లుల కోసం కోడ్లుగా మార్చే పని) చూసేవాళ్లకు సర్టిఫికెట్ ఒకసారి సంపాదిస్తే సరిపోదు. అమెరికన్ హెల్త్ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్, అంటే అహిమా నిబంధనల ప్రకారం రికార్డుల నిర్వహణ సర్టిఫికెట్ ఆర్‌హెచ్‌ఐఏ ఉన్నవాళ్లు రెండేళ్లలో 30, రికార్డుల టెక్నీషియన్ సర్టిఫికెట్ ఆర్‌హెచ్‌ఐటీ లేదా కోడింగ్ సర్టిఫికెట్ సీసీఎస్ ఉన్నవాళ్లు 20 సీఈయూలు, అంటే చదువు కొనసాగిస్తున్నట్టు చూపే యూనిట్లు, చూపించాలి. కోడర్ల మరో పెద్ద సంస్థ ఏఏపీసీ తన సీపీసీ అనే కోడింగ్ సర్టిఫికెట్‌కు 36 అడుగుతుంది. అహిమా దగ్గర ఒక సీఈయూ అంటే అరవై నిమిషాలు. రగడంతా ఈ అరవై నిమిషాల చుట్టూనే.

చదువు అక్కర్లేదని ఎవరూ అనడం లేదు. ఏటా అక్టోబర్ 1న డయాగ్నోసిస్ కోడ్లు మారతాయి. ఒక్క ఏడాది పట్టించుకోకపోయినా బీమా క్లెయిములు తిరిగొస్తాయి. అసలు ఫిర్యాదు వేరు. ఎన్ని గంటలు కావాలో చెప్పే సంస్థే ఆ గంటలను వెబినార్లుగా, కోర్సులుగా, సదస్సులుగా అమ్ముతోంది. బయట సంపాదించిన యూనిట్లు కూడా చెల్లుతాయి, ఉచితంగా దొరికేవీ ఉన్నాయి. నిబంధనలు రాసేది ప్రత్యేక కమిషన్ అని కూడా అహిమా చెబుతుంది. అయినా ఆ కమిషన్ ఉన్నది అహిమా గొడుగు కిందే కాబట్టి అనుమానం పోదు. ఫీజు యాజమాన్యం కట్టేచోట దీన్ని ఎవరూ పట్టించుకోరు. జేబులోంచి కట్టుకునేవాళ్లకే మండుతుంది.

డబ్బు సంగతి అలా ఉంచినా, గంటలు దేన్ని కొలుస్తున్నాయన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. ఇన్ఫెక్షన్ ప్రాణం మీదకు తెచ్చే సెప్సిస్‌నే తీసుకోండి. 2016లో వచ్చిన సెప్సిస్-3 నిర్వచనం ప్రకారం అవయవం దెబ్బతింటేనే సెప్సిస్. అమెరికాలో వాడే డయాగ్నోసిస్ కోడ్ల జాబితా ఐసీడీ-10-సీఎంలో మాత్రం అవయవం దెబ్బతినని సెప్సిస్‌కు ఎ41.9 కోడ్ అలాగే ఉంది, దెబ్బతింటే ఆర్65.20 తోడవుతుంది. డాక్టర్ రాసిన రోగ నిర్ధారణే కోడ్‌కు ఆధారమని మార్గదర్శకాలు చెబుతాయి. కానీ బీమా కంపెనీ సెప్సిస్-3 చూపించి క్లెయిమ్ తిప్పి పంపుతుంది. అప్పుడు చార్టు మొత్తం తిరగేసి, రక్తపరీక్షల్లో లాక్టేట్ ఎంతుందో, క్రియాటినిన్ ఎప్పుడు పెరిగిందో వెతికి, వివరణ కోరుతూ డాక్టర్‌కు క్వెరీ పంపి, అప్పీలుకు సరుకు సిద్ధం చేసే కోడర్ ఆ ఒక్క కేసులో నేర్చుకునేది ఏ వెబినార్‌లోనూ దొరకదు. కానీ అది రోజువారీ డ్యూటీ కదా, యూనిట్లు రావు. అదే సబ్జెక్టు మీద వెబినార్ పెట్టి, సౌండ్ తగ్గించి, పక్క స్క్రీన్‌లో ప్రొడక్షన్ టార్గెట్ పూర్తి చేసుకున్నవాళ్లకు యూనిట్ వస్తుంది! చివర్లో నాలుగు ప్రశ్నల క్విజ్‌కు భయపడేవాళ్లెవరు?

అలాగని అందరికీ మళ్లీ పరీక్ష పెట్టాలనడం కూడా తొందరపాటే. ఆ దారి తొక్కిన డాక్టర్ల సంగతి చూశాం. డాక్టర్లకు సర్టిఫికెట్ ఇచ్చే అమెరికన్ బోర్డ్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ తెచ్చిన రీసర్టిఫికేషన్ నిబంధనలపై ఆగ్రహం ముదిరి, 2015 ఫిబ్రవరిలో బోర్డే బహిరంగంగా క్షమాపణ చెప్పి కొన్ని షరతులను ఆపేసింది. తర్వాత కొందరు డాక్టర్లు కోర్టుకెక్కినా 2021లో అప్పీలు కోర్టులోనూ ఓడిపోయారు. కోర్టులు తీర్చే పంచాయితీ కాదిది.

కోడింగ్ రంగంలోనే పాత అనుభవం ఒకటుంది. 2015 అక్టోబర్ 1న అమెరికాలో ఐసీడీ-10 కోడ్లు అమల్లోకి వచ్చినప్పుడు అహిమా గంటలే అడిగింది: ఆర్‌హెచ్‌ఐఏకు 6, సీసీఎస్‌కు 18. ఏఏపీసీ మాత్రం పుస్తకం చూసి రాసే 75 ప్రశ్నల పరీక్ష పెట్టింది. దాని ఫీజు మీద అప్పట్లో సణుగుడు తక్కువేం లేదు, అది వేరే విషయం. కానీ ఆలోచన సరైనదని నా అభిప్రాయం. ఆరోజు ఏం మారిందో దాన్నే అడిగింది, రోజూ పనిలో పుస్తకం తెరిచి చూసుకున్నట్టే చూసుకోనిచ్చింది.

ఏటా అక్టోబర్‌లో అదే పని చిన్నగా చేయొచ్చు. ఆ ఏడాది మారిన కోడ్లు, మార్గదర్శకాల మీద పుస్తకం చూసి రాసే ఉచిత పరీక్ష పెట్టి, పాసైతే సగం యూనిట్లు ఇచ్చేయాలి. ఐసీడీ-10-సీఎం మార్గదర్శకాలు ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితంగానే దొరుకుతాయి. వాటిని ఆమోదించే నాలుగు సంస్థల్లో అహిమా ఒకటి కాబట్టి ప్రశ్నలు తయారు చేయడం దానికి కష్టమేమీ కాదు. పోయేదల్లా కొన్ని వెబినార్ల అమ్మకాలే.