యుద్ధ నేరాల దర్యాప్తులో చరిత్రకారులు మొదటి రోజు నుంచే ఉండాలి

1988 ఏప్రిల్‌లో జెరూసలేం కోర్టు జాన్ డెమ్యాన్యుక్‌కు ఉరిశిక్ష వేసింది. ఉక్రెయిన్ నుంచి అమెరికాకు వలస వెళ్లి, ఒహాయోలో కార్ల ఫ్యాక్టరీ కార్మికుడిగా బతికిన మనిషి అతను. ఆక్రమిత పోలండ్‌లోని నాజీ మరణ శిబిరం ట్రెబ్లింకాలో గ్యాస్ గదులు నడిపిన ‘ఇవాన్ ది టెరిబుల్’ ఇతనేనని ఆ శిబిరం నుంచి బతికి బయటపడ్డవాళ్లు కోర్టులో చెప్పారు. వాళ్లు అబద్ధమాడలేదు. కళ్లముందే అయినవాళ్లను పోగొట్టుకున్న ఆ మనుషులు, నలభై ఏళ్ల తర్వాత ఆ హంతకుడి ముఖాన్నే చూస్తున్నామని మనసారా నమ్మారు. అయితే సోవియట్ ఆర్కైవ్‌ల నుంచి వచ్చిన పాత కాపలాదారుల వాంగ్మూలాల్లో ఆ ఇవాన్ ఇంటిపేరు మార్చెంకో అని ఉంది. 1993లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు డెమ్యాన్యుక్‌ను విడుదల చేసింది.

ఉరి తప్పించినవి పాత కాగితాలే, అతన్ని మళ్లీ పట్టించినవీ పాత కాగితాలే. నాజీ నేరస్థుల కోసం 1979లో అమెరికా న్యాయశాఖ పెట్టిన ప్రత్యేక విభాగంలో లాయర్లతో పాటు చరిత్రకారులూ పనిచేశారు. ఆక్రమిత పోలండ్‌లోని ట్రావ్నికిలో నాజీల సాయుధ దళం ఎస్ఎస్ శిబిరాల కాపలాదారులకు శిక్షణ ఇచ్చేది. అక్కడి సిబ్బంది ఎవరు, ఎవరిని ఎప్పుడు ఎక్కడికి పంపారు అన్నది ఆ చరిత్రకారులు జాబితా తర్వాత జాబితా పోల్చి తేల్చారు. 1393 నంబరు గుర్తింపు కార్డు, బదిలీ జాబితాలు డెమ్యాన్యుక్ మరో మరణ శిబిరమైన సోబిబోర్‌లో కాపలాదారుగా ఉన్నాడని చూపాయి. 28,060 మంది హత్యలకు సహకరించాడని 2011లో మ్యూనిక్ కోర్టు తీర్పు చెప్పింది. ఫలానా మనిషిని అతను చంపుతుండగా చూశానన్న సాక్షి ఒక్కరూ లేరు. అప్పీలు తేలకముందే మరుసటి ఏడాది చనిపోవడంతో ఆ తీర్పు ఖరారు కాలేదు.

సాధారణంగా జరిగేది వేరు. లాయర్లు కేసు కట్టేస్తారు, చివర్లో నేపథ్యం చెప్పడానికి ఒక ప్రొఫెసర్‌ను పిలుస్తారు. నాజీ ఆక్రమణ కాలంలో యూదుల తరలింపులో పాత్ర ఉందని ఫ్రెంచ్ అధికారి మారిస్ పాపోన్‌ను ఫ్రాన్స్‌లోని బోర్డోలో విచారించినప్పుడు అమెరికన్ చరిత్రకారుడు రాబర్ట్ పాక్స్‌టన్ వచ్చి సాక్ష్యం చెప్పాడు. ఫ్రెంచ్ చరిత్రకారుడు ఆన్రీ రూసో మాత్రం రానన్నాడు. తాను చూడని ఘటనలకు చరిత్రకారుడు సాక్షి కాలేడని, అతని పని పద్ధతి నేర విచారణ నియమాల్లో ఇమడదని రూసో వాదన. సాక్షి బోను వరకు ఆ మాట నిజమే అనిపిస్తుంది. అయితే దర్యాప్తు గది సంగతి వేరు. ఏ ఆఫీసు ఎవరి కింద పనిచేసింది, ఆదేశం మీద సంతకం ఎవరిది, నకలు ఎవరెవరికి వెళ్లింది, ఆ తేదీకి ఆ అధికారి నిజంగా ఆ కుర్చీలో ఉన్నాడా అన్నవి చరిత్రకారుడు రోజూ వేసుకునే ప్రశ్నలే. పై అధికారిని దోషిగా నిలబెట్టాలంటే కోర్టుకు కావలసిన జవాబులూ ఇవే. కంబోడియాలో ఖ్మేర్ రూజ్ పాలన నాటి చిత్రహింసల జైలు ఎస్-21 ఫైళ్ల మీద ఏళ్ల తరబడి పనిచేసిన చరిత్రకారుడు డేవిడ్ చాండ్లర్ 2009లో కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పాడు. ఖైదీల నుంచి బలవంతంగా రాయించిన ఒప్పుకోళ్ల మీద జైలు అధిపతి డుచ్ చేతిరాతలో నోట్లున్నాయి. వాటిని చదవడం తెలిసిన మనిషి లేకపోతే ఆ ఫైళ్లు మూగవే.

ఇక్కడ ప్రమాదమూ ఉంది. డెమ్యాన్యుక్‌కు అనుకూలంగా ఉన్న పత్రాలను ఆ అమెరికన్ విభాగం లాయర్లే ముందు బయటపెట్టలేదని 1993లో అక్కడి అప్పీలు కోర్టు తప్పుపట్టింది. కాబట్టి ప్రాసిక్యూషన్ దగ్గర జీతం తీసుకునే చరిత్రకారుడికి ఒక షరతు ఉండాలి: దొరికిన ప్రతి కాగితం, నిందితుడికి పనికొచ్చేదైనా సరే, డిఫెన్స్‌కు చేరాలి. ఈ షరతు ఒప్పుకోని చోట చరిత్రకారుడు పని చేయకపోవడమే మంచిది.

కాగితాలను దాచే ప్రభుత్వాల సంగతి సరేసరి. 1950లలో కెన్యాలో వలస పాలన మీద జరిగిన మౌ మౌ తిరుగుబాటు కాలంలో బ్రిటిష్ శిబిరాల్లో చిత్రహింసలు అనుభవించిన కెన్యా వృద్ధులు లండన్‌లో దావా వేశారు. కెన్యా ఫైళ్లు బ్రిటన్‌కు తరలిపోయాయని డేవిడ్ ఆండర్సన్ లాంటి చరిత్రకారులు గట్టిగా పట్టుబట్టాక, 2011లో ఇంగ్లండ్‌లోని ప్రభుత్వ కేంద్రం హాన్‌స్లోప్ పార్క్‌లో దాచిన వలస పాలన ఫైళ్ల సంగతి బ్రిటన్ ఒప్పుకోవాల్సి వచ్చింది. 2013లో 5,228 మందికి 1.99 కోట్ల పౌండ్ల సెటిల్‌మెంట్ కుదిరింది. అప్పటికి యాభై ఏళ్లకు పైగా గడిచిపోయాయి. ఎంతమంది ఆ రోజు చూడకుండానే పోయారో తలచుకుంటే కడుపు మండుతుంది.

2024 డిసెంబర్‌లో అసద్ ప్రభుత్వం కూలినప్పుడు సిరియా జైళ్లలో, నిఘా కార్యాలయాల్లో ఫైళ్లు నేలమీద చెల్లాచెదురుగా పడ్డాయి. తప్పిపోయిన కొడుకు పేరు కోసం వాటిని తిరగేసిన తల్లిదండ్రులను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఒక ఫైలు ఏ గదిలో, ఏ బీరువాలో, ఏ కాగితాల పక్కన ఉందో నమోదు కాకపోతే, రేపు అది ఏ అధికారి చేతుల మీదుగా వెళ్లిందో నిరూపించడం కష్టం. కదిలించే ముందు ఫొటో తీసి, వరుస చెడకుండా పెట్టెల్లో సర్ది, అందులోని పేర్లను ముందుగా కుటుంబాలకు చెప్పే ఏర్పాటు అక్కడ కావాలి. ఆ పనికి సిరియా చరిత్రకారులు, ఆర్కైవ్ నిపుణులు ప్రాసిక్యూటర్లతో పాటే వెళ్లాలి. దానికి డబ్బు, భద్రత ఇవ్వాల్సింది తీర్పుల కోసం గట్టిగా మాట్లాడుతున్న దేశాలే.