రెడ్ మ్యాటర్ గారికి బహిరంగ లేఖ

అమెరికా అంతరిక్ష చిత్రం 'స్టార్ ట్రెక్'లో గ్రహాలను మింగే ఎర్ర పదార్థం, మహారాజశ్రీ రెడ్ మ్యాటర్ గారి సముఖమునకు, ఒక పాత ట్రెక్ అభిమాని నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకుని ఆగాను. వల్కన్ గ్రహం మీద 600 కోట్ల మందిని తమరు మింగేశాక మిగిలింది పదివేల మంది. వాళ్ల కంట పడితే బాగుండదు.

2009 నాటి 'స్టార్ ట్రెక్' పోస్టర్ మీద హీరో కిర్క్ వేషం కట్టిన క్రిస్ పైన్ మొహం వేశారు, దర్శకుడిగా జె.జె. ఏబ్రమ్స్ పేరు వేశారు. తమరి పేరు ఎక్కడా లేదు. ఆ సినిమాలో అసలు చాకిరీ అంతా తమరిదే! ఎర్రటి బొట్టు ఒక్కటి పడితే చాలు, అక్కడో బ్లాక్ హోల్. తమరు ఎక్కణ్ణుంచి వచ్చారు, ఎవరు తయారు చేశారు అని సినిమాలో ఒక్కరూ అడగరు. అడగనప్పుడు చెప్పాల్సిన పనీ లేదు.

పైగా తమరిది శుద్ధ పక్షపాతం. వల్కన్ గర్భంలో పడితే గ్రహం నలిగి మాయం. విలన్ నీరో ఓడ లోపలికి జారితే మాత్రం, వాడికి గీత కూడా పడకుండా 2387 నుంచి 2233కి ప్రయాణం. వాడి వెనకే వచ్చిన, పాత సీరియల్ నాటి వల్కన్ మనిషి, ముసలి స్పాక్‌ని ఇంకో పాతికేళ్లు తిప్పి 2258లో దించారు. ఇక గ్రహాన్నే మింగగల తమరి కోసం భూగర్భం దాకా బోరు ఎందుకు వేయాల్సి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. బోరు లేకపోతే కిర్క్, అతని ఓడ నడిపే సులు పారాచూట్లు కట్టుకుని దూకే సీను ఉండదు కాబట్టి వేశారు. సరే, ఒప్పుకున్నాం.

తమరు మింగింది ఒక్క వల్కన్‌నే అయితే ఈ ఉత్తరం ఉండేది కాదు. 1966 సెప్టెంబరు 8న అమెరికా టీవీ చానల్ ఎన్‌బీసీలో మొదలైన సీరియల్, దాని 79 ఎపిసోడ్లు, తర్వాత పుట్టిన పిల్ల సీరియళ్లు, పది సినిమాలు... అన్నింటినీ ఒక్క గుటకలో 'చూడకపోయినా ఫర్వాలేదు' ఖాతాలో వేసేశారు. నీరో 2233లోకి ఊడిపడి కిర్క్ తండ్రిని చంపిన క్షణం నుంచి చరిత్ర దారి మళ్లింది. ఇకపై ఏం జరిగినా అది కొత్త కాలం, కొత్త లెక్క.

అవసరం కూడా అలాగే వచ్చింది లెండి. 2002లో పదో సినిమా మునిగింది, 2005లో చివరి సీరియల్ మూతపడింది. కొత్తవాడెవడైనా చూద్దామని వస్తే మేం వాడికి హోంవర్క్ ఇచ్చేవాళ్లం. ఫలానా సీజన్ నుంచి మొదలుపెట్టు, ఆ సినిమా చూడకు, ఈ ఎపిసోడ్ వదలకు. వాడు మళ్లీ కనబడేవాడు కాదు. అలాగని మమ్మల్ని తోసేసి మొదలుపెట్టడమూ కుదరదు. రెండో సీజన్తో ఆపేస్తారన్నప్పుడు ఎన్‌బీసీని ఉత్తరాలతో ముంచెత్తిన జాతి మాది. 1976లో, సీరియల్లోని ఓడ పేరు మీద, నాసా మొదటి షటిల్‌కి ఎంటర్‌ప్రైజ్ అని పేరు పెట్టించిందీ మా ఉత్తరాలే. తమరికి ఇవాళ అందుతున్నది ఆ పరంపరలోనిదే.

అందుకని స్టూడియో వారు పాత ఇల్లు కూల్చకుండా, పక్క స్థలంలో కొత్త ఇల్లు కట్టి, గృహప్రవేశానికి ఆ పాత ఇంటి పెద్దాయన్నే పిలిచారు. పాత స్పాక్ వేషధారి లెనార్డ్ నిమోయ్! ఆయన వచ్చి అక్షింతలు వేశాక ఇంక ఏ బంధువు నోరెత్తుతాడు? 2009 ఏప్రిల్‌లో ఆస్టిన్‌లో ఒక థియేటర్లో ఖాన్ అనే విలన్ ఉన్న 1982 నాటి ట్రెక్ సినిమా వేస్తామని అభిమానుల్ని కూర్చోబెట్టారు. కాసేపటికి రీలు కాలిపోయినట్టు తెర ఆగింది. నిమోయ్ స్వయంగా వేదిక మీదికొచ్చి, దీని బదులు కొత్తది చూస్తారా అని అడిగాడు. ఎవరు వద్దంటారు? అమ్మకం తెలిసినవాళ్లు.

అమ్మకం మాట పక్కనపెడితే సినిమాలో నిజంగా పనితనం ఉంది. కోబయాషి మారు పరీక్ష సంగతే తీసుకోండి. గెలవడానికి వీల్లేని ఆ పరీక్షలో కిర్క్ మోసం చేసి గెలిచాడని 1982లో మాటల్లో విన్నాం. ఆ మాట చెబుతూ కిర్క్ ఆపిల్ కొరుకుతాడు. 2009లో ఆ పరీక్షనే కళ్లారా చూపించారు, కుర్ర కిర్క్ చేతికి ఆపిల్ ఇచ్చారు. పాత కథలేవీ తెలియని మా మేనకోడలు పొగరుబోతు కుర్రాణ్ణి చూసి నవ్వింది, నేను ఆపిల్‌ని చూసి నవ్వాను. ఇద్దరం ఒకే చోట నవ్వాం, ఒకరికొకరం ఏమీ వివరించుకోలేదు. బోరు మీదికి దూకిన ముగ్గుర్లో ఒకడు ఎర్ర సూటు వేసుకున్నాడు. వాడు తిరిగి రాడని నాకు అప్పుడే తెలుసు. పాత సీరియల్లో ముందుగా చచ్చే ఎర్ర చొక్కావాళ్ల ఆయుష్షు ఎంతో మాకు 1966 నుంచీ తెలుసు. మేనకోడలు మాత్రం పాపం అని ఉలిక్కిపడింది. రీబూట్ (పాత కథను మళ్లీ కొత్తగా మొదలుపెట్టడం) అంటే ఇంతకన్నా ఏం చేయాలి!

ఇక పాతవాళ్ల సణుగుడు కూడా కాస్త వినండి. ఎంటర్‌ప్రైజ్ ఇంజన్ రూము లాస్ ఏంజెలెస్‌లోని బీరు ఫ్యాక్టరీ. పైపులు చూసి పట్టేశాం. డెల్టా వేగా అనే గ్రహం 1966లో గెలాక్సీ అంచున ఉండేది, తమరి పుణ్యమా అని వల్కన్ పక్కింటికి మకాం మార్చింది. ముసలి స్పాక్ అక్కడి మంచులో నిలబడి, సొంత గ్రహం కూలడాన్ని చంద్రగ్రహణం చూసినట్టు తల ఎత్తి చూస్తాడు. ఓడలోంచి విసిరేసిన కిర్క్ సరిగ్గా ఆయన గుహలోకే వచ్చి పడతాడు. ఆ గ్రహం మీదే ఇంజనీరు స్కాటీ కూడా దొరుకుతాడు. ఇక కిర్క్ ఉద్యోగం సంగతి. కాపీ కేసులో సస్పెండైన విద్యార్థి, ఒక్క ట్రిప్పు పూర్తయ్యేసరికి కెప్టెన్! మా దగ్గర సస్పెన్షన్ ఎత్తేసిన జీవో రావడానికే అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది.

ఇవన్నీ క్షమించాం. పాత కాలం క్షేమంగా ఉందన్న హామీ ఇచ్చారు కాబట్టి క్షమించాం. (క్షేమమని అన్నారే గానీ, పేలుతున్న నక్షత్రాన్ని మింగడానికి తమరు ఆలస్యంగా చేరినందుకు నీరో సొంత గ్రహం రోములస్ ఆ పాత కాలంలోనే బూడిదైంది. స్పాక్ కూడా అక్కణ్ణుంచే మాయమయ్యాడు. హామీ పత్రం కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.)

క్షమించలేనిది 2013లో వచ్చిన రెండో సినిమా. తమరు ప్రాణాలు తీసి సంపాదించి పెట్టిన స్వేచ్ఛ అది. ఎక్కడికైనా వెళ్లొచ్చు, ఏ కథైనా చెప్పొచ్చు. వాళ్లు ఎక్కడికి వెళ్లారో తెలుసా? ఖాన్ దగ్గరికి! 1967లో ఒకసారి, 1982లో ఒకసారి వచ్చిన ఖాన్. పేరు జాన్ హారిసన్ అని దాచి, ప్రచారం పొడుగునా కాదు కాదని బొంకి, చివరికి బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్ చేత గంభీరంగా "నా పేరు ఖాన్" అనిపించారు. మా దేశంలో ఆ ముక్క 2010లోనే షారుఖ్ చెప్పేశాడు. మాకు ముందే తెలుసు. కొత్తవాళ్లకి ఖాన్ అయితే ఏంటి, హారిసన్ అయితే ఏంటి? అన్నట్టు, 1967లో ఆ ఖాన్ నూనియన్ సింగ్‌ని ఉత్తర భారతం మనిషి అన్నారు, సిక్కు కావచ్చన్నారు. వేషం వేసింది మెక్సికో నటుడు. 2013కి ఇంగ్లండు దొర అయ్యాడు. ఇది ఏ కాలచక్రం మహిమో తమరే చెప్పాలి.

అసలు తమాషా ఆ తర్వాత ఉంది. ఖాన్ ఎవడో, ఎంత ప్రమాదకరమో తెలుసుకోవడానికి కుర్ర స్పాక్ ఏం చేశాడు? ముసలి స్పాక్‌కి ఫోన్ కలిపాడు. కొత్త సినిమాలోని పాత్రే విలన్ గొప్పతనం అర్థంకాక పాత సినిమాల మనిషిని అడగాల్సి వచ్చిందంటే, టికెట్ కొని కూర్చున్న కొత్త ప్రేక్షకుడు ఎవరికి ఫోన్ చేయాలి? 1982లో స్పాక్ చచ్చిపోతే ఏడ్చాం, పదిహేనేళ్ల స్నేహం అది. ఇక్కడ కిర్క్ చచ్చిపోతే, స్నేహానికి వయసు ఒక సినిమా, చావుకి వయసు కొన్ని నిమిషాలు. ఖాన్ రక్తం ఎక్కించి లేపేశారు. ఆపిల్ పెట్టినచోట ఏకంగా పాత సీనునే తిరగేసి పెట్టారు. మేనకోడలు ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. నేనూ చూసుకున్నాను.

2016లో మూడో సినిమాకి దర్శకుడిగా జస్టిన్ లిన్ వచ్చి బుద్ధిగా కొత్త గ్రహం, కొత్త విలన్‌తో తీశాడు. స్పాక్, ఓడ డాక్టరు మెకాయ్ రాళ్లలో పడి నడుస్తూ పోట్లాడుకుంటుంటే ఏ పాఠమూ చదవనివాడికీ నవ్వొచ్చింది, మాకు మనవాళ్లు ఇంటికొచ్చినట్టు అనిపించింది. మూడింటిలో తక్కువ వసూలు చేసింది అదే. ఖాన్‌ది ఎక్కువ. వ్యాపారం అంటే ఏమిటో నాకు తెలియదని ఒప్పుకోవాలి కాబోలు. ఆ బృందంతో నాలుగో సినిమా ఇంతవరకు రాలేదు.

కాబట్టి నా విన్నపం ఒక్కటే. ఇంకోసారి ఎవరైనా తమర్ని సిరంజిలో ఎక్కించుకుని బయల్దేరితే, గ్రహాన్ని మింగే ముందు ఒక కాగితం మీద సంతకం చేయించుకోండి: ఖాళీ చేసిన స్థలంలో పాత ఫర్నిచర్ తెచ్చి వేయం అని.

ఇట్లు,
తమరి వల్ల సగం లాభం, సగం నష్టం పొందిన వాడు

తా.క.: ఒక్క బొట్టుతో అయ్యే పనికి ఓడ నిండా అంత పెద్ద ఎర్ర గుండు ఎందుకు మోసుకొచ్చారో స్పాక్ గారిని కనుక్కుని చెప్పగలరు. లాజిక్ మనిషి కదా, ఏదో ఒకటి ఉండే ఉంటుంది.