ప్రీఫెచ్ ఖాళీ చేస్తే కంప్యూటర్ వేగం పెరగదు

"పాత కంప్యూటర్ కొత్తదానిలా పరిగెత్తాలంటే ఇవి చేయండి" అంటూ వాట్సాప్ గ్రూపుల్లో, చిన్న వీడియోల్లో ఒక జాబితా ఏళ్ల తరబడి తిరుగుతోంది. టెంప్, ప్రీఫెచ్ ఫోల్డర్లు ఖాళీ చేయడం, ఎమ్‌ఎస్‌కాన్ఫిగ్‌లో ప్రాసెసర్ల సంఖ్య పెంచడం, వర్చువల్ మెమరీని ర్యామ్‌కు మూడు రెట్లు చేయడం, విజువల్ ఎఫెక్ట్స్ తీసేయడం, సిస్‌మెయిన్, అప్‌డేట్ సర్వీసులను ఆపేయడం, చివర్లో రిజిస్ట్రీ క్లీనర్ నడపడం. వీటిలో ఒకటి రెండు అప్పుడప్పుడు పనికొస్తాయి. మిగిలినవి ఉపయోగం లేకపోగా కొత్త తలనొప్పులు తెస్తాయి. కంప్యూటర్ ఎక్కడ నలుగుతోందో చూడకుండానే మందు రాసేయడం ఈ జాబితాలోని అసలు లోపం. విండోస్ 10, 11 వాడేవారి కోసం ఒక్కొక్కటే చూద్దాం.

"టెంప్ ఖాళీ చేస్తే వేగం పెరుగుతుంది."

టెంప్ అంటే ప్రోగ్రామ్‌లు తాత్కాలికంగా రాసుకునే ఫైళ్లుండే ఫోల్డర్. అది ఖాళీ చేస్తే పెరిగేది చోటు. సీ డ్రైవ్ నిండిపోయి ఉంటే ఆ చోటు నిజంగానే అవసరం, ఎందుకంటే విండోస్‌కు వచ్చే పెద్ద అప్‌డేట్ ఒక్కటే 20 జీబీ దాకా ఖాళీ అడుగుతుంది. 100 జీబీ ఖాళీ ఉన్న డ్రైవ్‌లో 2 జీబీ టెంప్ తీసేస్తే మాత్రం ఏ తేడా రాదు. ఏదైనా సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ అడుగుతున్న సమయంలో టెంప్ జోలికి పోవద్దు. మిగిలిన సగం పనికి కావలసిన ఫైళ్లు అక్కడే ఉండవచ్చు. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్‌లో స్టోరేజ్ సెన్స్ ఆన్ చేసి ఉంచితే ఈ ఊడ్పు పని అదే చూసుకుంటుంది.

"ప్రీఫెచ్ ఫోల్డర్‌లో ఉన్నదంతా చెత్తే."

ఈ మాటే ఎక్కువ మందిని తప్పుదారి పట్టించింది. 2001లో ఎక్స్‌పీతో వచ్చిన ఏర్పాటు ఇది. మీరు ఒక ప్రోగ్రామ్ తెరిచినప్పుడు మొదటి పది సెకన్లలో అది ఏయే ఫైళ్లు, వాటిలో ఏయే భాగాలు చదివిందో విండోస్ చిన్న పద్దుగా రాసిపెట్టుకుంటుంది. మరోసారి అదే ప్రోగ్రామ్ తెరిస్తే ఆ పద్దు చూసి కావలసినవన్నీ ముందే ఒక వరుసలో తెచ్చిపెడుతుంది. ఆ పద్దులే ప్రీఫెచ్ ఫోల్డర్‌లో ఉండేవి. ఒక్కోటి కొన్ని కిలోబైట్లు. విండోస్ 8 నుంచి వీటికి 1024 అని హద్దు ఉంది. హద్దు దాటితే పాతవాటిని విండోసే తీసేస్తుంది. మనం అన్నీ చెరిపేస్తే కలిసొచ్చే చోటు ఏమంత ఉండదు, ఆ తర్వాత ప్రతి ప్రోగ్రామూ మొదటిసారి నెమ్మదిగా తెరుచుకుంటుంది. హార్డ్ డిస్క్ ఉన్నవారికి ఈ తేడా కంటికి కనిపిస్తుంది. ఇప్పటికే చెరిపేశారా? ఏమీ చేయనక్కర్లేదు, వాడుతూ ఉంటే పద్దులు మళ్లీ తయారవుతాయి.

"ఎమ్‌ఎస్‌కాన్ఫిగ్‌లో నంబర్ ఆఫ్ ప్రాసెసర్స్ గరిష్ఠానికి పెట్టండి."

ఎమ్‌ఎస్‌కాన్ఫిగ్ అంటే విండోస్ ఎలా లేవాలో మార్చే సెట్టింగ్స్ కిటికీ. అందులోని ఈ గడి ప్రాసెసర్లను పెంచేది కాదు, తగ్గించేది. తక్కువ ప్రాసెసర్లతో తమ ప్రోగ్రామ్ ఎలా నడుస్తుందో పరీక్షించుకునేవారి కోసం పెట్టారు. టిక్ లేకపోతే విండోస్ ఉన్నవన్నీ వాడుకుంటుంది. నాలుగున్న చోట నాలుగు అని పెడితే ఏ లాభమూ లేదు. రేపు ఎనిమిదున్న ప్రాసెసర్ వేయించుకుంటే ఆ హద్దు మాత్రం నాలుగు దగ్గరే ఉండిపోతుంది.

దాని పక్కనే ఉండే మాగ్జిమమ్ మెమరీ గడి ఇంకా ప్రమాదం. వీడియో చూసి దాంట్లోనూ టిక్ పెట్టినవారి కంప్యూటర్‌లో ఒక గుర్తు కనిపిస్తుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ తెరిస్తే కింద "హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్" అని ఉంటుంది. మామూలుగా అక్కడ కొన్ని వందల ఎంబీలు మించవు. గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉన్న మెషీన్లలో ఒకటి రెండు జీబీలు కూడా ఉండవచ్చు. 8 జీబీ ర్యామ్‌లో నాలుగు అక్కడే చిక్కుకుని కనిపిస్తే ముందు ఈ గడినే అనుమానించండి. ఎమ్‌ఎస్‌కాన్ఫిగ్, బూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో రెండు టిక్‌లూ తీసేసి రీస్టార్ట్ చేయండి.

"వర్చువల్ మెమరీ మూడు రెట్లు పెడితే ర్యామ్ పెరిగినట్టే."

వర్చువల్ మెమరీ కోసం విండోస్ వాడే పేజ్ ఫైల్ ఉండేది డిస్క్ మీద. దాని సైజు పెంచితే డిస్క్ ర్యామ్ అయిపోదు. పైగా విండోస్‌కే వదిలేస్తే అవసరాన్ని బట్టి ఆ ఫైల్‌ను ర్యామ్‌కు మూడు రెట్ల దాకా అదే పెంచుకోగలదు. అంటే జాబితా చెప్పే పని ముందే జరుగుతోంది. 120 జీబీ ఎస్‌ఎస్‌డీలో మొదటి సైజే 24 జీబీ అని రాస్తే ఐదో వంతు చోటు ఊరికే పోయినట్టు. దీనికి తిరగేసిన సలహా, పేజ్ ఫైల్ మొత్తానికే తీసేయమనేది, ఇంకా చెడ్డది. ప్రోగ్రామ్‌లు తాము వాడేదానికంటే ఎక్కువ మెమరీ ముందుగా మాట తీసుకుని పెట్టుకుంటాయి. టాస్క్ మేనేజర్‌లో "కమిటెడ్" అని కనిపించే అంకె అదే. పేజ్ ఫైల్ లేకపోతే ఆ మాటకు హద్దు ర్యామ్ ఒక్కటే అవుతుంది. ర్యామ్ ఇంకా ఖాళీ ఉండగానే బ్రౌజర్ ట్యాబ్‌లు కూలిపోతాయి. "ఆటోమేటికల్లీ మేనేజ్" అన్న టిక్ తిరిగి పెట్టేయండి.

"విజువల్ ఎఫెక్ట్స్ అన్నీ తీసేయండి."

చాలా పాత గ్రాఫిక్స్ ఉన్నచోట కొంచెం చురుకుదనం వస్తుంది, కాదనలేం. కానీ "బెస్ట్ పెర్ఫార్మెన్స్" నొక్కితే అక్షరాల అంచులు నునుపు చేసే టిక్ కూడా ఎగిరిపోతుంది. తెలుగు చదివేవారికి దీని బాధ ఎక్కువ: చిన్న సైజులో వత్తులు, గుడులు ముక్కలు ముక్కలుగా కనిపిస్తాయి. "స్మూత్ ఎడ్జెస్ ఆఫ్ స్క్రీన్ ఫాంట్స్" టిక్ మాత్రం తిరిగి పెట్టుకోండి.

"సిస్‌మెయిన్ ఆపేయండి."

సిస్‌మెయిన్ అంటే మీరు తరచూ వాడే ప్రోగ్రామ్‌లను ముందే మెమరీలోకి తెచ్చిపెట్టే విండోస్ సర్వీస్. పాత హార్డ్ డిస్క్, 4 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో దాన్ని ఆపడం ఒక్కోసారి పనికొస్తుంది. ఊహించనక్కర్లేదు, పరీక్షించవచ్చు. టాస్క్ మేనేజర్‌లో సర్వీసెస్ తెరిచి, సిస్‌మెయిన్ మీద రైట్ క్లిక్ చేసి స్టాప్ కొట్టండి. ఐదు నిమిషాల్లో డిస్క్ శాతం దిగకపోతే తప్పు దానిది కాదు, మళ్లీ స్టార్ట్ చేయండి.

"అప్‌డేట్లు ఆపితే సగం సమస్యలు పోతాయి."

2017 మార్చి 14న విండోస్‌లోని ఒక భద్రతా రంధ్రాన్ని మూసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ అప్‌డేట్‌గా ఇచ్చింది. మే 12న వానాక్రై, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్, సరిగ్గా ఆ రంధ్రంలోంచే ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ప్యాచ్ ఉన్న మెషీన్లలోకి అది ఆ దారిన రాలేకపోయింది. పని మధ్యలో రీస్టార్ట్ అవుతోందన్నది మీ బాధ అయితే యాక్టివ్ అవర్స్ పెట్టుకోండి, లేదా ఐదు వారాల దాకా పాజ్ చేసుకోండి. సర్వీస్‌ను చంపేయడం దానికి మందు కాదు.

రిజిస్ట్రీ అంటే విండోస్, ప్రోగ్రామ్‌ల సెట్టింగ్స్ రాసి ఉండే చోటు. దాన్ని ఊడ్చే క్లీనర్ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. లక్షల పద్దుల్లో కొన్ని వందలు తీసేస్తే వెతుకులాట వేగం మారదు. ఒక్క పద్దు పొరపాటున పోతే ఏదో ఒక ప్రోగ్రామ్ తెరుచుకోదు. ఇలాంటి క్లీనర్లను తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే చెబుతుంది.

"రోజూ షట్‌డౌన్ చేస్తే అన్నీ శుభ్రమవుతాయి" అన్న మాట కూడా ఈ జాబితాతోనే తిరుగుతుంది. విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ వచ్చాక అది చాలా కంప్యూటర్లలో నిజం కాదు. షట్‌డౌన్ నొక్కితే మీ ప్రోగ్రామ్‌లు మూతబడతాయి, విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్, డ్రైవర్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టు డిస్క్‌లో దాచబడి మర్నాడు లేస్తాయి. పెర్ఫార్మెన్స్, సీపీయూలో "అప్ టైమ్" చూడండి: రోజూ ఆపుతున్నా 12 రోజులని ఉండొచ్చు. వైఫై, ప్రింటర్ మొరాయిస్తే రీస్టార్ట్ కొట్టాలి. అది పూర్తిగా కొత్తగా లేపుతుంది.

మరి మొదట ఏం చేయాలి? నెమ్మదించిన ఆ క్షణంలోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, సీపీయూ, మెమరీ, డిస్క్‌లలో ఏది 100% దగ్గర ఉందో చూడండి. మెమరీ అయితే స్టార్టప్ జాబితాలో అక్కర్లేనివి డిజేబుల్ చేయండి, చాలకపోతే ర్యామ్ వేయించండి. సీపీయూ అయితే పని ఒత్తిడిలో దాని "స్పీడ్" ఎంతుందో గమనించండి. బేస్ స్పీడ్ కంటే బాగా కింద ఉంటే ఫ్యాన్, హీట్ సింక్ దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ మార్పించండి.

డిస్క్ 100% ఉండి, చదివే వేగం సెకనుకు 1 ఎంబీ కూడా లేకపోతే అది హార్డ్ డిస్క్ సహజ హద్దు. నిమిషానికి 5400 చుట్లంటే సెకనుకు 90. చుట్టు తిరగడం, డేటా చదివే ముల్లు కదలడం కలిపి ఒక్కో చిన్న చదువుకు 15 మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. అంటే చిల్లరగా ఉన్న ముక్కలు సెకనుకు 70 కూడా రావు. మామూలు ఎస్‌ఎస్‌డీ వేలల్లో తెస్తుంది. అదే చోట రెస్పాన్స్ టైమ్ పని లేనప్పుడూ వందల మిల్లీసెకన్లు చూపిస్తుంటే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌తో డిస్క్ ఆరోగ్యం చూడండి. రీఅలకేటెడ్ (పాడై పక్కన పెట్టినవి), పెండింగ్ (పాడయ్యాయని అనుమానం ఉన్నవి) సెక్టార్ల వరుసల్లో చివరి గడి సున్నా కాకుండా, రోజురోజుకూ పెరుగుతుంటే డిస్క్ పోతోందన్నమాట. ముందు ఫొటోలు, పత్రాలు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకుని, ఆ తర్వాతే ఎస్‌ఎస్‌డీకి మారండి.