తారు పడగానే రోడ్డు అయిపోదు

నెల్లూరులో రోడ్డు పని ఎప్పుడు అయిపోయినట్టు? రోలర్‌ను లారీ ఎక్కించి తీసుకెళ్లిపోయిన రోజున. అధికారుల లెక్కా అదే, మన లెక్కా అదే. ఆ లెక్కే తప్పు.

మా వీధిలో కొత్త తారు పడి నాలుగు నెలలైంది. నల్లగా, నున్నగా ఉంది, కాదనను. కానీ వీధి మధ్యలో ఉన్న మ్యాన్‌హోల్ మూత కొత్త తారుకన్నా నాలుగు వేళ్లు లోతున ఉండిపోయింది. మొదటి వారంలోనే పాలబ్బాయి బండి చక్రం అందులో దిగి, క్యాను దొర్లి, పాలన్నీ రోడ్డు పాలయ్యాయి. మర్నాటికి ఎవరో విరిగిన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఆ గుంటలో నిలబెట్టి ఎర్ర గుడ్డ కట్టారు. మా వీధి మొత్తానికి ఉన్న భద్రతా ఏర్పాటు ఆ కుర్చీ ఒక్కటే.

భూగర్భ డ్రైనేజీ కోసం, మంచినీళ్ల పైపుల కోసం వీధులు తవ్వడం, పూడ్చడం, ప్యాచీలు వేయడం, మళ్లీ తవ్వడం... ఆ కథ నెల్లూరు వాళ్లకు, ఒంగోలు వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. దుమ్ము మింగినవాళ్లం మనమే. మాట్లాడుకోవాల్సింది తారు పడ్డాక ఆగిపోయే పని గురించి.

ఎందుకు ఆగుతుంది? నిర్లక్ష్యం అనేస్తే సులువు. అసలు కారణం కొలతల పుస్తకంలో ఉంది. ఆఫీసు భాషలో ఎం-బుక్కు. తారుకు పొడవు, వెడల్పు, మందం కొలిచి అందులో రాస్తే బిల్లు అవుతుంది. పెద్ద మొత్తం అక్కడే. మూతలు కొత్త రోడ్డు ఎత్తుకు లేపడం, అంచుల్లో బెర్ములు, అంటే తారు పక్కనుండే మట్టి అంచులు, గట్టి చేయడం, సైడు కాలువ మీద పలకలు పరచడం, జీబ్రా గీతలు, బడి ముందు బోర్డు, ఇవన్నీ చిల్లర ఐటమ్‌లు. మేస్త్రీలు వీధి వీధికీ తిరిగి చేతులతో చేయాల్సిన పని, చేస్తే వచ్చేది తక్కువ. తారు బిల్లు చేతికొచ్చాక కాంట్రాక్టరు ఆ చిల్లర కోసం మనుషుల్ని ఎందుకు నిలబెడతాడు? ఇంకో ఊళ్లో పని పిలుస్తూ ఉంటుంది. ఆయన స్థానంలో నేనున్నా అంతే చేస్తాను. కాబట్టి కాంట్రాక్టరును తిట్టుకుంటూ కూర్చోకుండా బిల్లు వరస తిరగెయ్యాలి. ఆఖరి జీబ్రా గీత పడేదాకా తారు డబ్బులో ఓ పెద్ద ముక్క ఆపండి. మూతలు రాత్రికి రాత్రే పైకి లేస్తాయి.

ఎం-బుక్కులోకి ఎక్కని ఇంకో కొలత మా గుమ్మం దగ్గర ఉంది. నా చిన్నప్పుడు వీధిలోంచి ఇంట్లోకి మూడు మెట్లు ఎక్కేవాళ్లం. ఇప్పుడు ఒక్కటే మిగిలింది. ఇల్లు కుంగలేదు, రోడ్డు పెరిగింది. పాత పొరను మిల్లింగ్ యంత్రంతో గీకి తీసేసి కొత్తది వేస్తే ఎత్తు మారదు. గీకకుండా పొర మీద పొర వేస్తూ పోతే వాననీళ్లు ఇళ్లలోకి వస్తాయి. కాలువ గోడ రోడ్డుకన్నా ఎత్తుగా ఉన్నచోట నీళ్లు రోడ్డు మీదే నిలుస్తాయి. తారుకు నిలవ నీళ్లు పడవు. కంకరకూ తారుకూ మధ్య పట్టు వదిలిపోయి గుంతలు పడతాయి. మనకు వానలు ఎక్కువగా కురిసేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోవడం చూసినవాళ్లం. అంటే కాలువలు, అంచులు, మూతలు సెప్టెంబరు లోపు పూర్తి కాకపోతే కొత్త రోడ్డుకు ఒక్క వానాకాలమే ఆయుష్షు.

నున్నటి రోడ్డుకు ఇంకో తంటా ఉంది. గుంతలున్నప్పుడు మెల్లగా వెళ్లిన కుర్రాళ్లు ఇప్పుడు దూసుకుపోతున్నారు. దాంతో వీధివాళ్లే కంకర తెప్పించి సొంతంగా స్పీడు బ్రేకరు పోసుకుంటారు. రోడ్ల ప్రమాణాలు రాసే ఇంజినీర్ల సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పే హంపు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మనవాళ్లు పోసేది అడుగు వెడల్పున, పొలం గట్టులా. దానికి రంగు కూడా ఉండదు, రాత్రిపూట వెనక సీట్లో కూర్చున్న ఆడవాళ్లు ఎగిరి పడతారు. నిండు గర్భిణిని ఆస్పత్రికి తీసుకెళ్లే ఆటో డ్రైవరును అడగండి, ఆ గట్ల లెక్క చెబుతాడు.

ఇక కాలువ మీద పలకలు పరిచి ఫుట్‌పాత్ చేద్దాం అనగానే వ్యాపారులకు టెన్షన్. పార్కింగు పోతుంది, బేరాలు పడిపోతాయి, తోపుడు బండ్ల వాళ్ల పొట్ట కొడతారు అంటారు. తోపుడు బండ్ల మాట నిజమే. అయితే వాళ్లకు చోటు చూపాలని 2014 వీధి వ్యాపారుల చట్టమే చెప్పింది. చూపించండి. ఇక పార్కింగు అంటారా, షాపు ముందున్న ప్రభుత్వ స్థలం షాపువాళ్ల సొంతం ఎప్పుడైంది?

అసలు మన ఊళ్లలో నడిచేవాడిని మనిషిగా లెక్కేయడం మానేశాం. బండి కొనలేనివాడే నడుస్తాడనుకుంటాం. ట్రంకు రోడ్డు మీద సాయంత్రం ఆరింటికి ఓ పెద్దాయన చెయ్యి పైకెత్తి, వచ్చే బండ్లకు దణ్ణం పెట్టినట్టు నిలబడి రోడ్డు దాటుతుంటాడు. ఇది మనకు వింతగా కూడా అనిపించదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో దాదాపు ఐదో వంతు నడిచివెళ్లేవాళ్లే. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. లోపభూయిష్టంగా రోడ్డు వేసినందువల్ల ప్రాణం పోతే కాంట్రాక్టరుకైనా, బాధ్యుడైన అధికారికైనా లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 198-ఎ సెక్షన్ ఉంది. మీ ఊళ్లో ఎవరికైనా ఆ జరిమానా పడిందని విన్నారా? నేను వినలేదు.

నన్నడిగితే ఈ జబ్బు మూలం తారులో లేదు, పెత్తనంలో ఉంది. మూడు లక్షలు, అంతకుమించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ 1992లోనే చెప్పింది. నెల్లూరు ఆ లెక్క ఎప్పుడో దాటింది. వీధి రోడ్డు అయిపోయిందో లేదో చెప్పాల్సింది ఆ వీధివాళ్లు. ఆఖరి బిల్లు మీద సంతకం పెట్టేముందు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు ఓ పదిమంది వీధివాళ్లతో కలిసి ఆ చివర నుంచి ఈ చివరకు నడవాలి. కారులో కాదు, కాళ్లతో. వాళ్లలో ఓ ముసలావిడ, బడికెళ్లే ఓ పిల్ల ఉండాలి. ఎస్టిమేటు తెలుగులో రాసి వార్డు సచివాలయం గోడకు అంటించాలి. ఎన్ని మూతలు లేపాలో, ఎన్ని గీతలు గీయాలో జనానికి తెలిస్తే కదా అడిగేది.

మా వీధి ఎస్టిమేటు చూద్దామని మొన్న ఓ ఆఫీసుకు వెళ్లాను. అక్కడున్న కుర్రాడు మర్యాదగానే కూర్చోబెట్టాడు. కాపీ మాత్రం ఇవ్వలేనన్నాడు. "ఆర్టీఐ పెట్టుకోండి సార్, అదే దారి" అన్నాడు. పది రూపాయలు కట్టి పెట్టొచ్చాను. జవాబుకు గడువు 30 రోజులు. ఆలోపు అక్టోబరు వచ్చేస్తుంది.