జేన్ గ్రేని "పాపం" అనకండి

లండన్ టవర్ అనే పాత కోటకు వెళ్లిన మనవాళ్లు ముందుగా వెళ్లి నిలబడేది కోహినూర్ దగ్గర. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని తరతరాలుగా చెప్పుకుంటున్న రాయిని చూడాలని ఎవరికి ఉండదు? నేనూ మా పిన్నిని వెంటబెట్టుకుని అందుకే వెళ్లాను. చూసి బయటికి వచ్చాక, పచ్చిక దగ్గర గాజుతో చేసిన ఒక దిండు కనిపించింది. దాని చుట్టూ పేర్లు చెక్కి ఉన్నాయి.

"ఇక్కడ ఈ దిండేమిటమ్మా?" అంది పిన్ని.

ఇక్కడ తలలు తీశారని, ఆ పేర్లలో ఒకటి పదహారు పదిహేడేళ్ల పిల్లదని, ఆ పిల్ల ఇంగ్లండుకు తొమ్మిది రోజులు రాణి అని చెప్పాను.

"అయ్యో పాపం, పిచ్చితల్లి" అంది పిన్ని. కళ్లు కూడా చెమర్చాయి.

పిన్ని మనసు మంచిది. ఆ మాట మీద నాకు కోపం లేదు. కానీ ఆ రోజు నుంచి ఆ "పాపం" నన్ను వదలడం లేదు, ఎందుకంటే జేన్ గ్రే గురించి ఎవరు మాట్లాడినా ఆ మాట దగ్గరే ఆగిపోతారు. అమాయకురాలు, బలిపశువు, తొమ్మిది రోజుల రాణి. అంతే, కథ అయిపోయింది. ఆమెను బతికుండగా పెద్దవాళ్లు వాడుకున్నారు. చనిపోయాక మనం జాలిపడి ఆమె నోరు మూసేస్తున్నాం. ఆమెకు మాట వచ్చు. చాలా బాగా వచ్చు. అది వినమనే నా గొడవంతా.

ముందు ఆమెకు జరిగిన అన్యాయం ఏమిటో సూటిగా చెప్తాను. ఎనిమిదో హెన్రీ కొడుకు ఆరో ఎడ్వర్డ్ పదిహేనేళ్లకే జబ్బుతో మంచం పట్టాడు. ప్రొటెస్టెంట్ రాజు. తన తర్వాత కేథలిక్ అయిన అక్క మేరీ సింహాసనం ఎక్కడం అతనికి ఇష్టం లేదు. వారసత్వం ఎవరికి పోవాలో తన చేత్తోనే ఒక కాగితం రాసుకున్నాడు. ఆ కాగితం ఇప్పటికీ లండన్‌లో భద్రంగా ఉంది. మొదట అందులో "లేడీ జేన్ మగసంతానానికి" అని ఉంది. అంటే జేన్‌కు కాదు, ఆమెకు ఇంకా పుట్టని కొడుకులకు. రాజు చావు దగ్గరపడింది, కొడుకులు పుట్టే వ్యవధి లేదు. అప్పుడు ఒక అక్షరం కొట్టేసి, పైన రెండు చిన్న మాటలు ఇరికించారు. "లేడీ జేన్‌కు, ఆమె మగసంతానానికి" అయింది. ఆ రెండు మాటలే ఒక పిల్ల మెడకు చుట్టుకున్నాయి. ఆ కాగితంలో ఆమె మొదట గర్భం మాత్రమే. తర్వాత కూడా, ఎవరూ దొరకని అవసరానికి మాత్రమే మనిషి అయింది.

ఎందుకు జేన్ అంటే, ఆమె తల్లి ఫ్రాన్సెస్ హెన్రీ రాజు చెల్లెలి కూతురు. ఇంకొక కారణం, ఆ రోజుల్లో రాజ్యాన్ని నడుపుతున్న నార్తంబర్లాండ్ డ్యూక్ జాన్ డడ్లీ 1553 మే నెలలోనే తన కొడుకు గిల్‌ఫర్డ్‌కు ఆమెను చేసుకున్నాడు. జూలై 6న ఎడ్వర్డ్ చనిపోయాడు. మూడు రోజులు ఆ సంగతి ఈ పిల్లకు చెప్పనే లేదు. 9న లండన్ దగ్గరి సయన్ హౌస్ అనే భవనానికి పిలిపించి, పెద్దలంతా ఆమె ముందు మోకరిల్లారు. ఆమె కిందపడి ఏడ్చింది. 10న టవర్‌కు తీసుకొచ్చి రాణి అని చాటించారు.

చాలామంది కథను ఇక్కడ ఆపి, ఒక్క గెంతులో నరికే మొద్దు దగ్గరకు పోతారు. కానీ ఆ మధ్యలోనే ఆమె ఉంది.

కోశాధికారి కిరీటం తెచ్చి తలకు సరిపోతుందో లేదో చూడమన్నాడు. మీ భర్తకూ ఇంకొకటి చేయిస్తాం అన్నాడు. ఆ మాటతో ఆమెకు సంగతంతా అర్థమైంది. గిల్‌ఫర్డ్‌ను డ్యూక్‌ను చేస్తాను గాని రాజును చేయను అని తేల్చి చెప్పింది. అత్తగారు మండిపడి, కొడుకును వెంటబెట్టుకుని సయన్‌కు బయల్దేరింది. జేన్ మనుషులను పంపి అతన్ని వెళ్లనివ్వలేదు. తర్వాత మేరీకి రాసుకున్న లేఖలో ఈ సంగతులు తనే చెప్పింది. పెళ్లయి రెండు నెలలు కాలేదు, మామగారి చేతిలో సైన్యం ఉంది, చుట్టూ ఉన్నవాళ్లంతా ఆయన మనుషులు. అక్కడ నిలబడి "కాదు" అన్న పిల్లను బొమ్మ అంటారా?

ఆమెను దేవతను చేయడానికి నేను ఇదంతా రాయడం లేదు. ఆమె పేరుతో చాటింపు వేసిన రోజున, హక్కు మేరీదే అని అన్న ఒక కుర్రవాడిని మర్నాడు బొండకొయ్యకు బిగించి చెవులు కోశారు. ఆ తొమ్మిది రోజుల లెక్కలో అదీ ఉంది. "రాణి జేన్" అని సంతకం పెట్టి, మేరీకి ఎదురు నిలవమని ఉత్తరాలూ పంపింది. తర్వాత, తమ ఇంటి పాత మతగురువు ఒకాయన ప్రాణభయంతో కేథలిక్ మతంలోకి తిరిగిపోతే, జైల్లో నుంచే ఆయనను సైతాను వికృత సంతానం అని తిడుతూ ఉత్తరం రాసింది. మెత్తని పువ్వు కాదు ఆ పిల్ల. మొండిది, కరకుది, నమ్మినదాని కోసం ఎవరినైనా ఎదిరించే రకం. నాకు ఆమె నచ్చడానికి సగం కారణం అదే.

చదువు సంగతి చెప్పకపోతే ఆమె గురించి చెప్పినట్టే కాదు. 1550లో రోజర్ ఆస్కమ్ అనే పండితుడు లెస్టర్‌షైర్‌లోని బ్రాడ్‌గేట్‌కు, వాళ్ల ఇంటికి వెళ్లాడు. తల్లిదండ్రులు, బంధువులు అందరూ వేటకు పోయారు. పద్నాలుగేళ్లయినా నిండాయో లేదో, ఆ పిల్ల ఒక్కతే గదిలో కూర్చుని ప్లేటో రాసిన ఫీడో చదువుతోంది, గ్రీకులో. సోక్రటీసు విషం తాగబోతూ మిత్రులతో మృత్యువు గురించి మాట్లాడే పుస్తకం అది. నువ్వెందుకు వెళ్లలేదమ్మా అని అడిగితే, ప్లేటోలో నాకు దొరికే ఆనందం ముందు వాళ్ల వేట నీడపాటి చేయదు అందట. ఇంట్లో ఏ చిన్న తప్పు చేసినా గిల్లుతారు, కొడతారు, పాఠం చెప్పే ఎయిల్మర్ గారి దగ్గర మాత్రమే నాకు హాయి అని కూడా చెప్పిందట. జ్యూరిక్‌లోని మతాచార్యుడు బుల్లింగర్‌కు లాటిన్‌లో ఉత్తరాలు రాసేది. హీబ్రూ నేర్చుకునేది. ఇంత చదువుకున్న పిల్లకు పుట్టిన తేదీ కూడా మనకు మిగల్లేదు. 1536 అంటారు, 1537 అంటారు.

జూలై 19న లండన్ మేరీ వైపు తిరిగింది. జేన్ తల మీది రాచ పందిరిని ఆమె తండ్రే తన చేతులతో లాగేసి, ఇక నువ్వు రాణివి కావన్నాడు. ఆయనను కూడా పట్టుకున్నారు, కొన్ని రోజులకే వదిలేశారు. కూతురు మాత్రం టవర్‌లోనే బందీగా ఉండిపోయింది. నవంబర్ 13న విచారణకు గిల్డ్‌హాల్ దాకా నడిచి వెళ్లింది, నల్ల దుస్తుల్లో, చేతిలో ప్రార్థన పుస్తకంతో. మరణశిక్ష పడింది. అయినా మేరీ దాన్ని అమలు చేయలేదు. ఆ పిల్లను చంపాలని ఆమెకు లేదు. అలా వదిలేసి ఉంటే బతికేదేమో.

అప్పుడు ఆ తండ్రి ఏం చేశాడో చూడండి. 1554 జనవరిలో, మేరీ స్పెయిన్ యువరాజు ఫిలిప్‌ను పెళ్లాడకూడదని థామస్ వయట్ అనే ఆయన తిరుగుబాటు లేవదీస్తే, వెళ్లి అందులో చేరాడు. కూతురు టవర్‌లో ఉంది. మెడ మీద శిక్ష వేలాడుతోంది. కాళ్లావేళ్లా పడి కూతురిని విడిపించుకోవలసిన మనిషి కత్తి పట్టుకుని బయల్దేరాడు. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. నాలుగున్నర శతాబ్దాలు దాటినా ఆయనను క్షమించడం నా వల్ల కాదు. తిరుగుబాటు అణగిపోయింది, జేన్ చావు ఖాయమైంది.

చివరి రోజుల్లో ఆమె మతం మార్పించడానికి మేరీ ఫెకెనమ్ అనే పండిత మతగురువును పంపింది. అందుకోసం శిక్షను మూడు రోజులు వాయిదా వేశారు. ఇద్దరూ వాదించుకున్నారు. పూజలో రొట్టె నిజంగానే క్రీస్తు శరీరం అవుతుందని కేథలిక్కుల నమ్మకం. "ఇది నా శరీరం" అని క్రీస్తు రొట్టెను చూపి అన్నాడు కదా అని ఆయన అంటే, "నేనే ద్రాక్షతీగను, నేనే ద్వారాన్ని అని కూడా అన్నాడు, అంతమాత్రాన తలుపైపోయాడా?" అంది. చావు మూడు రోజుల దూరంలో ఉన్న పిల్ల, వయసులో తనకన్నా ఎంతో పెద్ద పండితుడితో. ఆయన మనసు మార్చలేకపోయాడు. కానీ మంచివాడు, చివరి దాకా ఆమె వెంటే వెళ్లాడు.

ఇక ఆమె తల తీసే దృశ్యాన్ని చూపే ఆ బొమ్మ. డెలారోష్ అనే ఫ్రెంచి చిత్రకారుడు 1833లో వేసినది, లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. మన ఫోన్లలో తిరిగేదీ అదే. తెల్లటి మెరిసే దుస్తులు, చీకటి గది, కళ్లకు గంతలు, మొద్దు కోసం గాలిలో తడుముకునే చేతులు. గొప్ప చిత్రమే, కాదనను. కానీ ఆమెను చంపింది ఆరుబయట. ఒంటి మీద ఉన్నది విచారణ నాటి దుస్తులే. చేతులతో తడుముకున్నది నిజమే, "ఏం చేయను? ఎక్కడుంది?" అన్నదీ నిజమే. కానీ అది ఒక్క క్షణం. దానికి ముందు ఫిబ్రవరి 12 ఉదయం ఆమె చూసినవి, చేసినవి ఆ బొమ్మలో లేవు. భర్త మొండెం బండిలో తిరిగి రావడం చూసింది. అయినా మెట్లెక్కి, కిరీటానికి ఒప్పుకోవడం నేరమే, దాన్ని కోరింది మాత్రం నేను కాదు అని గుంపుకు చెప్పింది. బైబిల్లోని 51వ కీర్తన మొదటి నుంచి చివరి దాకా చదివింది. దుస్తులు తీయడంలో సాయం చేయబోయిన తలారిని నన్ను వదిలేయమని ఆపింది. గంతలు తనే కట్టుకుంది.

చేతిలోని ప్రార్థన పుస్తకాన్ని టవర్ అధికారి తమ్ముడికి ఇచ్చింది. అరచేతిలో ఇమిడే ఆ పుస్తకం ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. దాని అంచుల్లో ఆమె చేతిరాత ఉంది. ఒక చోట రాసింది తండ్రికి, తన చావుకు కారణమైన ఆ తండ్రికే. దేవుడు మీ బిడ్డలిద్దరినీ తీసుకున్నా, మమ్మల్ని పోగొట్టుకున్నానని అనుకోకండి, నశించే బతుకును వదిలి నశించని బతుకును గెలుచుకున్నాం అని ఓదార్పు. ఇద్దరంటే తను, గిల్‌ఫర్డ్. కింద "మీ వినయపూర్వకమైన కుమార్తె జేన్ డడ్లీ" అని సంతకం.

పదకొండు రోజుల తర్వాత, ఫిబ్రవరి 23న, ఆ తండ్రి తల కూడా తీసేశారు.